అమెరికా ఫెడరల్ కోర్టులో ఆర్థిక నేరం: తీర్పు రోజుకు ముందే తేలిపోయే విషయాలు

అమెరికాలో వీసా మోసాలు, మెడికేర్ బిల్లుల మోసాలు, పన్ను ఎగవేత, ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసుల్లో భారతీయుల పేర్లు, వాటిలో తెలుగువారి పేర్లు అప్పుడప్పుడు వార్తల్లోకి వస్తుంటాయి. ముందు అరెస్టు వార్త వస్తుంది. కొన్ని నెలలకు ‘నేరం అంగీకరించారు’ అని, ఇంకొన్నాళ్లకు ‘ఇన్ని నెలల జైలు’ అని తెలుస్తుంది. ఈ వార్తల మధ్య ఏం జరుగుతుందో మాత్రం బయటకు రాదు. ఎన్నాళ్లు జైల్లో ఉండాలి, ఎలాంటి జైల్లో ఉండాలి, విడుదలయ్యాక ఇంటికి వెళ్తారా లేక నేరుగా స్వదేశానికి పంపేస్తారా అన్నవి చాలావరకు ఆ మధ్య కాలంలోనే, కాగితాల మీదే తేలిపోతాయి.

వైట్ కాలర్ నేరాలుగా పిలిచే ఈ కేసుల్లో నిందితులు ఎక్కువగా చదువుకున్నవారు, అంతకుముందు పోలీస్ స్టేషన్ గడప తొక్కనివారు. తీర్పు రోజున జడ్జి కరుణిస్తే చాలని వారి కుటుంబాలు అనుకుంటాయి. ఫెడరల్ విధానంలో ఆ రోజు ముఖ్యమైనదే. కానీ దానికి ముందు సంతకం పెట్టిన పత్రాలు అంతకంటే ముఖ్యమైనవి.

ముందు బెయిలు, తర్వాత జైలు

భారత్‌లో పెద్ద ఆర్థిక నేరాల కేసులు చూసినవారికి అమెరికా వరస తలకిందులుగా కనిపిస్తుంది. సత్యం కంప్యూటర్స్ కుంభకోణం 2009 జనవరిలో బయటపడింది. ప్రధాన నిందితుడు రామలింగరాజు విచారణ ఖైదీగా రెండున్నరేళ్లకు పైగా జైల్లో ఉన్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. మరుసటి నెలలోనే పై కోర్టు శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది.

అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఆర్థిక నేరాల నిందితులు తీర్పు వరకు సాధారణంగా బెయిలుపై బయటే ఉంటారు. పాస్‌పోర్టు కోర్టుకు అప్పగించాలి, అనుమతి లేకుండా జిల్లా దాటకూడదు. అసలు జైలు శిక్ష పడ్డాకే మొదలవుతుంది. అప్పీలు తేలేదాకా బయట ఉండనివ్వడం అరుదు. పైగా ఫెడరల్ వ్యవస్థలో పెరోల్ లేదు. 1984 నాటి చట్టంతో దాన్ని ఎత్తేశారు. 1987 నవంబరు 1 తర్వాత జరిగిన నేరాలకు అది వర్తించదు. అంటే 36 నెలల శిక్ష పడితే అందులో పెద్ద భాగం అనుభవించాల్సిందే.

విచారణ కంటే ఒప్పందమే ఎక్కువ

ఫెడరల్ కోర్టుల్లో శిక్ష పడినవారిలో వందకు 90 మందికి పైగా విచారణ దాకా వెళ్లకుండా నేరం అంగీకరించినవారే. ప్రాసిక్యూటర్‌తో కుదిరే రాతపూర్వక ఒప్పందాన్ని ప్లీ అగ్రిమెంట్ అంటారు. ఏ సెక్షన్ కింద నేరం ఒప్పుకుంటున్నారు, నష్టం ఎంత, అప్పీలు హక్కు వదులుకుంటున్నారా, ఏ ఆస్తులు జప్తుకు ఇస్తున్నారు అన్నవన్నీ అందులో ఉంటాయి.

చాలామంది ఈ పత్రంలో నెలల సంఖ్య కోసమే చూస్తారు. పౌరసత్వం లేనివారు దానికి ముందు చూడాల్సింది సెక్షన్, నష్టం అంకె. ఈ నేరాంగీకారం దేశ బహిష్కరణకు దారితీస్తుందా అన్నది క్లయింటుకు చెప్పడం లాయర్ బాధ్యత అని 2010లో పాడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. క్రిమినల్ లాయర్‌కు ఇమిగ్రేషన్ చట్టం లోతుగా తెలియకపోవచ్చు. అందుకే సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఆ పత్రాన్ని చదివించుకోవాలి. సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఒక్క అంకె చుట్టూ శిక్ష లెక్క

ఫెడరల్ శిక్షలకు మార్గదర్శకాల పుస్తకం ఒకటి ఉంది. నేర తీవ్రతకు 1 నుంచి 43 వరకు స్థాయులు, పాత నేర చరిత్రకు ఆరు తరగతులు. రెండూ కలిసే గడిలో నెలల శ్రేణి ఉంటుంది. 2005లో బుకర్ తీర్పు తర్వాత ఇవి సలహా మాత్రమే, జడ్జిని కట్టిపడేయవు. అయినా ప్రతి కేసులో లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మోసం కేసుల్లో ఈ స్థాయిని అన్నిటికంటే ఎక్కువగా పెంచేది నష్టం మొత్తం. 20 ఏళ్ల వరకు శిక్ష పడగల వైర్ ఫ్రాడ్ వంటి నేరానికి మొదటి స్థాయి 7. 2015లో సవరించిన పట్టిక ప్రకారం నష్టం 40 వేల డాలర్లు దాటితే 6 పాయింట్లు, రెండున్నర లక్షలు దాటితే 12, 15 లక్షలు దాటితే 16, 95 లక్షలు దాటితే 20 కలుస్తాయి. నిజంగా జరిగిన నష్టం, నిందితుడు కలిగించాలనుకున్న నష్టం, ఈ రెండింటిలో పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. నష్టం 20 లక్షల డాలర్లు, బాధితులు 10 మంది, పాత నేర చరిత్ర లేదు. 7కు 16 కలిపి, బాధితుల సంఖ్యకు మరో 2 కలిపితే 25. నేరం అంగీకరించి బాధ్యత ఒప్పుకున్నందుకు 3 తగ్గి 22. ఏ నేర చరిత్రా లేనివారికి 2023 నవంబరు నుంచి అమలవుతున్న నిబంధన కింద ఇంకో 2 తగ్గి 20. ఆ గడిలో ఉన్నది 33 నుంచి 41 నెలలు. ఇదే వ్యక్తి విచారణకు వెళ్లి ఓడిపోతే ఆ 3 పాయింట్ల తగ్గింపు సాధారణంగా దక్కదు, శ్రేణి 46 నుంచి 57 నెలలకు పెరుగుతుంది. నేరం అంగీకరిస్తూనే, నష్టం 20 లక్షలు కాదు 5 లక్షలేనని లాయర్లు నిరూపిస్తే 21 నుంచి 27 నెలలకు దిగుతుంది. అందుకే ఈ కేసుల్లో అసలు పోరాటం సాక్షుల మీద కంటే అకౌంట్ల మీద జరుగుతుంది. ఇన్వాయిస్‌లో ఎంత నిజమైన సేవ ఉంది, ఎంత సొమ్ము తిరిగి చెల్లించారు అన్న లెక్కలు తేల్చడానికి ఫోరెన్సిక్ అకౌంటెంట్లను పెట్టుకుంటారు. నేరం బయటపడకముందే బాధితులకు తిరిగి ఇచ్చిన సొమ్ము నష్టంలోంచి తగ్గుతుంది. బయటపడ్డాక ఇచ్చినదానికి ఆ విలువ ఉండదు, మహా అయితే జడ్జి మనసులో కొంత చోటు దొరుకుతుంది.

జడ్జి ఈ లెక్కను దాటి తక్కువ శిక్ష వేసిన కేసులూ ఉన్నాయి. మెకిన్సీ మాజీ అధిపతి రజత్ గుప్తా ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసులో మార్గదర్శకాలు 78 నుంచి 97 నెలలు చూపించాయి. 2012 అక్టోబరులో న్యూయార్క్ జడ్జి జెడ్ రాకాఫ్ రెండేళ్ల జైలు, 50 లక్షల డాలర్ల జరిమానా విధించారు. గుప్తా ఎవరికి సమాచారం అందించారో ఆ గెలియన్ ఫండ్ వ్యవస్థాపకుడు, శ్రీలంకలో పుట్టిన రాజ్ రాజరత్నంకు అంతకు ఏడాది ముందు 11 ఏళ్లు పడింది.

పదివేల డాలర్ల గీత

గ్రీన్ కార్డు, హెచ్-1బీ, విద్యార్థి వీసాలపై ఉన్నవారికి నష్టం అంకె రెండోసారి ఎదురవుతుంది. ఇమిగ్రేషన్ చట్టంలో ‘తీవ్ర నేరం’ అనే వర్గం ఉంది. బాధితులకు 10 వేల డాలర్లు దాటి నష్టం కలిగించిన మోసం అందులోకి వస్తుంది. ఆ ముద్ర పడితే గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా బహిష్కరణ నుంచి తప్పించుకునే ప్రధాన దారులు మూసుకుపోతాయి. ఒకసారి పంపేశాక తిరిగి రావడంపై నిషేధానికి గడువు ఉండదు. ఇక్కడ శిక్ష ఎన్ని నెలలన్నది చూడరు. ఒక్క రోజు జైలు లేకపోయినా నష్టం గీత దాటితే చాలు.

ఈ విషయంలో కీలకమైన తీర్పు భారత్ నుంచి వలస వెళ్లిన వ్యక్తి కేసులోనే వచ్చింది. 2009లో నిఝావన్ కేసులో, నష్టం ఎంతో జ్యూరీ నిర్ధారించకపోయినా శిక్ష సమయంలో నమోదైన అంకెలను బట్టి ఇమిగ్రేషన్ కోర్టు తేల్చవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో కవాషిమా కేసుతో తప్పుడు పన్ను రిటర్నులు కూడా ఈ వర్గంలోకి వచ్చాయి. కొన్ని నెలల శిక్ష తగ్గుతుందని పెద్ద నష్టం అంకెకు ఒప్పుకున్న గ్రీన్ కార్డుదారు, ఆ సంతకంతోనే అమెరికాలో తన భవిష్యత్తును వదులుకున్నట్టవుతుంది.

వీసా పత్రాల మోసం కేసుల్లో గీత వేరు. అక్కడ 12 నెలలు లేదా అంతకు మించి శిక్ష పడితే తీవ్ర నేరం అవుతుంది. ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో చూడాలి. జైల్లో మంచి ప్రవర్తనకు ఇచ్చే తగ్గింపు ఏడాది మించిన శిక్షలకే వర్తిస్తుంది. అందుకే అమెరికా పౌరుల లాయర్లు ‘ఏడాది ఒక రోజు’ శిక్ష వేయమని కోరతారు, పది నెలలకే బయటకు రావచ్చని. వీసా పత్రాల కేసులో హెచ్-1బీపై ఉన్న వ్యక్తికి అదే శిక్ష పెద్ద దెబ్బ. అతనికి కావాల్సింది 12 నెలల లోపు.

2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఉదంతం తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. మిషిగన్‌లో ఇమిగ్రేషన్ అధికారులే ఏర్పాటు చేసిన ఆ నకిలీ విశ్వవిద్యాలయానికి విద్యార్థులను చేర్పించారని 8 మందిపై డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో కేసు పెట్టారు. వారిలో పలువురికి ఏడాది నుంచి రెండేళ్ల వరకు శిక్షలు పడ్డాయి. అక్కడ బాధితుల నష్టం లెక్కే లేదు. అయినా లాభం కోసం విదేశీయులకు అక్రమంగా ఆశ్రయం ఇచ్చారన్న తరహా అభియోగాలు ఇమిగ్రేషన్ చట్టంలో తమ దారిలో తాము బహిష్కరణకు తీసుకెళ్తాయి. అంకెతో పాటు సెక్షన్ పేరు కూడా చూడాలనేది ఇందుకే.

జైలు దాకా వెంట వచ్చే నివేదిక

నేరం అంగీకరించాక, తీర్పుకు ముందు ప్రొబేషన్ అధికారి నిందితుడిని ఇంటర్వ్యూ చేసి ప్రీ-సెంటెన్స్ రిపోర్టు రాస్తారు. బాల్యం, చదువు, కుటుంబం, ఆరోగ్యం, మద్యం అలవాటు, ఆస్తులు, అప్పులు అన్నీ అందులోకి ఎక్కుతాయి. ఇంటర్వ్యూలో లాయర్ పక్కన ఉండవచ్చు. ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంటే దుబాసీని అడగవచ్చు.

ముసాయిదా తీర్పుకు కనీసం 35 రోజుల ముందు చేతికి వస్తుంది. అభ్యంతరాలు 14 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. జడ్జి చదివేది ఈ నివేదికనే. తర్వాత ఏ జైలుకు పంపాలి, ఏ మందులు కావాలి, ఏ కార్యక్రమంలో చేర్చుకోవాలి అని బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ చూసేదీ దీన్నే. నివేదికలో తప్పు పడితే జైలుకు వెళ్లాక దాన్ని దిద్దించడం దాదాపు అసాధ్యం.

రెండు చోట్ల మన కుటుంబాలు ఎక్కువగా పొరబడతాయి. మొదటిది పరువు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నారనో, రోజూ తాగే అలవాటు ఉందనో చెప్పడానికి సిగ్గుపడి దాచేస్తారు. జైల్లో 500 గంటల వ్యసన చికిత్స కార్యక్రమం ఒకటి ఉంది. అది పూర్తి చేసిన అర్హులకు ఏడాది వరకు శిక్ష తగ్గవచ్చు. నేరానికి, అరెస్టుకు ముందు కాలంలో సమస్య ఉన్నట్టు రికార్డుల్లో ఉంటేనే అందులో చోటు దొరుకుతుంది. లేని అలవాటును కల్పించి చెప్పడం మాత్రం మరో నేరం అవుతుంది.

రెండోది ఇండియాలోని ఆస్తులు. హైదరాబాద్‌లో ఫ్లాట్, ఊళ్లో పొలం, తండ్రి పేరుతో కలిసి ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ అమెరికా కోర్టుకేం తెలుస్తాయని అనుకుంటారు. ఆర్థిక వివరాల పత్రంలో ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తినైనా చెప్పాలి. దాచినట్టు తేలితే న్యాయప్రక్రియకు అడ్డుపడ్డారని 2 పాయింట్లు పెరుగుతాయి, బాధ్యత ఒప్పుకున్నందుకు తగ్గిన 3 కూడా పోవచ్చు. కేసు మొదలయ్యాక బావమరిది పేరిట రాసేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

తీర్పు రోజు

బంధుమిత్రులు, సహోద్యోగులు జడ్జికి లేఖలు రాయవచ్చు. రజత్ గుప్తా కోసం బిల్ గేట్స్, కోఫీ అన్నన్ సహా 400 మందికి పైగా రాశారు. మామూలు నిందితుడికి అంత అవసరం లేదు. ‘చాలా మంచివాడు, దైవభక్తి కలవాడు’ అని అందరూ ఒకే నమూనాలో రాసిన 50 లేఖల కంటే, ఫలానా సంవత్సరం ఫలానా సాయం చేశాడని కళ్లారా చూసినవారు రాసిన పది లేఖలు మేలు. నేరం చేయలేదని వాదించే లేఖ మాత్రం బెడిసికొడుతుంది, ఎందుకంటే నిందితుడు అప్పటికే ఒప్పుకొని ఉన్నాడు. లేఖలన్నీ లాయర్ ద్వారానే వెళ్లాలి.

శిక్ష వేయడానికి ముందు నిందితుడు స్వయంగా మాట్లాడే హక్కు ఉంది. ఇక్కడ జడ్జిలు వినాలనుకునేది బాధితుల గురించి. తన కుటుంబం పడుతున్న కష్టం గురించే మాట్లాడి కూర్చునేవారికి సాధారణంగా మేలు జరగదు.

జైలుతో పాటు బాధితులకు నష్టపరిహారం చెల్లించమనే ఆదేశం వస్తుంది. 1996 చట్టం ప్రకారం మోసం కేసుల్లో ఇది తప్పనిసరి. నిందితుడి దగ్గర డబ్బు లేకపోయినా పూర్తి మొత్తానికే ఆదేశిస్తారు. అప్పీలు చేసేట్టయితే 14 రోజుల్లో నోటీసు వేయాలి.

జైలును ఎంచేది జడ్జి కాదు

ఏ జైలుకు పంపాలో జడ్జి సిఫార్సు మాత్రమే చేయగలరు. నిర్ణయం టెక్సస్‌లోని గ్రాండ్ ప్రెయిరీలో ఉన్న బ్యూరో కార్యాలయానిది. గుప్తాను న్యూయార్క్‌లోని ఓటిస్‌విల్‌కు పంపాలని జడ్జి సిఫార్సు చేస్తే, బ్యూరో మసాచుసెట్స్‌లోని డెవెన్స్‌కు పంపింది. డబ్బిస్తే మంచి జైలు ఇప్పిస్తామని చెప్పే మధ్యవర్తులను నమ్మనక్కర్లేదు.

కంచెలు కూడా లేని క్యాంపుల్లో ఆర్థిక నేరగాళ్లు హాయిగా ఉంటారని సినిమాల్లో చూపిస్తారు. ఆ క్యాంపులు ఉన్నమాట నిజమే. కానీ బహిష్కరణకు గురయ్యే అవకాశమున్న విదేశీయులను సాధారణంగా అక్కడికి పంపరు. వారు కనీసం ఒక మెట్టు పైనున్న, కంచె ఉన్న ‘లో సెక్యూరిటీ’ జైలుకు వెళ్తారు. పదేళ్లకు మించి శిక్ష మిగిలి ఉన్నవారికీ అంతే. ఒకే కేసులో ఒకే శిక్ష పడిన ఇద్దరు భాగస్వాముల్లో పౌరుడు క్యాంపుకు, గ్రీన్ కార్డుదారు కంచె లోపలికి వెళ్లడం ఇలాగే జరుగుతుంది.

శిక్ష తగ్గింపులోనూ ఈ తేడా ఉంది. మంచి ప్రవర్తనకు ఏడాదికి 54 రోజుల తగ్గింపు అందరికీ వర్తిస్తుంది. 36 నెలల శిక్షలో అది 162 రోజులు. 2018 డిసెంబరులో వచ్చిన ఫస్ట్ స్టెప్ చట్టం కింద, అర్హులైనవారు కార్యక్రమాల్లో పాల్గొన్న ప్రతి 30 రోజులకు 10 నుంచి 15 రోజుల క్రెడిట్ సంపాదిస్తారు. దాంతో గరిష్ఠంగా 12 నెలలు ముందే విడుదల కావచ్చు, మిగిలిన క్రెడిట్‌తో హాఫ్‌వే హౌస్‌కో ఇంటి నిర్బంధానికో మారవచ్చు. బహిష్కరణ తుది ఉత్తర్వు ఉన్నవారికి ఈ క్రెడిట్‌ను వర్తింపజేయరు. ఇమిగ్రేషన్ శాఖ డిటైనర్ పెట్టడం వేరు, తుది ఉత్తర్వు రావడం వేరు. ఈ రెంటి మధ్య తేడా కొన్ని నెలల స్వేచ్ఛ కావచ్చు.

లోపలికి వెళ్లే ముందు

బెయిలుపై ఉన్నవారికి సాధారణంగా కొన్ని వారాల గడువిచ్చి, ఫలానా తేదీన ఫలానా జైలు గేటు దగ్గర లొంగిపొమ్మంటారు. ఆ వారాల్లో ముగించాల్సిన పనులు చాలా ఉంటాయి.

ఇండియాలోని ఆస్తి వ్యవహారాలకు పవర్ ఆఫ్ అటార్నీ రాయాలంటే జైలుకు వెళ్లకముందే రాయాలి. అమెరికాలో నోటరీ చేయించి, అపోస్టిల్ లేదా భారత కాన్సులేట్ ధ్రువీకరణ తీసుకొని, ఆ పత్రం ఇండియా చేరిన మూడు నెలల్లో అక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. లోపలికి వెళ్లాక ఒక్క సంతకానికి నెలలు పట్టవచ్చు. ఇంటి లోను, కారు, బ్యాంకు ఖాతాలు, పిల్లల స్కూలు వ్యవహారాలు ఎవరు చూస్తారో రాసిపెట్టాలి.

జీవిత భాగస్వామి హెచ్-4పై ఉంటే ఆ వీసా నిలవదు. హెచ్-1బీ ఉద్యోగం పోయాక ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. కాబట్టి కుటుంబం అక్కడే ఉండాలనుకుంటే ఆలోపే తమకంటూ వేరే హోదాకు దరఖాస్తు చేసుకోవాలి. పిల్లలు అమెరికా పౌరులైనంత మాత్రాన తల్లికి లేదా తండ్రికి అక్కడ ఉండే హక్కు రాదు.

జైలుకు వెంట తీసుకెళ్లగలిగినవి కొన్నే. గుర్తింపు కార్డు, రాళ్లు లేని సాదా పెళ్లి ఉంగరం, కళ్లద్దాలు, కేసు కాగితాలు. మందులు ఇవ్వకపోయినా ప్రిస్క్రిప్షన్లు, వైద్య రికార్డులు ముందే నివేదికలో చేరి ఉంటే పని సులువవుతుంది. సెల్‌ఫోన్ లోపలికి వెళ్లదు కాబట్టి ఇంటి నంబర్లు, చిరునామాలు కంఠతా ఉండాలి. చూడటానికి వచ్చేవారి పేర్లకు ముందుగా ఆమోదం కావాలి.

లోపల రోజు లెక్కింపుల మధ్య గడుస్తుంది. సాయంత్రం నాలుగు గంటలకు దేశంలోని ప్రతి ఫెడరల్ జైల్లో ఖైదీలు లేచి నిలబడి లెక్క ఇవ్వాలి. అందరూ పని చేయాలి. జైలు పనులకు కూలి గంటకు 12 నుంచి 40 సెంట్లు. ఫోన్ నిమిషాలకు పరిమితి ఉంటుంది. విదేశీ కాల్ ఖరీదు ఎక్కువ కాబట్టి ఊళ్లో ఉన్న తల్లిదండ్రులతో మాటలు తగ్గిపోతాయి. మాంసం లేని భోజనం అడిగి తీసుకోవచ్చు.

విడుదలయ్యాక

పౌరులకు విడుదల తర్వాత సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లు ప్రొబేషన్ అధికారి నిఘా ఉంటుంది. పౌరసత్వం లేనివారి మీద డిటైనర్ ఉంటే జైలు గేటు దగ్గర ఎదురుచూసేది కుటుంబం కాదు, ఇమిగ్రేషన్ అధికారులు. అక్కడి నుంచి ఇంకో నిర్బంధ కేంద్రం, తర్వాత విమానం. నష్టపరిహారం బాకీ దేశం దాటినంత మాత్రాన రద్దు కాదు. విడుదల తర్వాత 20 ఏళ్ల వరకు దాన్ని వసూలు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది.

అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారిని ఈ నేరాలకు బహిష్కరించరు. అయితే పౌరసత్వానికి దరఖాస్తు చేసే నాటికే నేరం జరిగి ఉండి, దాన్ని దాచినట్టు తేలితే పౌరసత్వాన్నే రద్దు చేయమని ప్రభుత్వం కోర్టుకు వెళ్లవచ్చు. ఇండియా వైపు కూడా ఒక చిక్కు ఉంది. రెండేళ్లు లేదా అంతకు మించి జైలు శిక్ష పడినా, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరంలో ఛార్జిషీటు దాఖలైనా ఓసీఐ నమోదును రద్దు చేయవచ్చని కేంద్ర హోంశాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. అంటే 23 నెలలకు, 24 నెలలకు మధ్య ఉన్న ఒక్క నెల, సొంత ఊరికి స్వేచ్ఛగా వచ్చిపోయే హక్కు మీద కూడా ప్రభావం చూపుతుంది.

ఈ గీతల్లో వేటినీ తీర్పు తర్వాత మార్చే అవకాశం దాదాపు ఉండదు. పదివేల డాలర్లు, 12 నెలలు, 24 నెలలు, సెక్షన్ పేరు, నివేదికలో ఒక వాక్యం. వీటిని అడిగి, లెక్కచూసి, వాదించే సమయం అరెస్టుకూ తీర్పుకూ మధ్యనున్న ఆ నెలలే.